అత్తమ్మ అలికిన జిప్సం గోడ

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే చెప్పడం ఆపేస్తాను, తర్వాత ఎంత బతిమాలినా చెప్పను. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నా చెవులతో నేను విన్నది. నా బిడ్డ మీద ఒట్టు. నాకున్నది ఒక్కతే బిడ్డ, ఊరికే ఒట్టు పెట్టుకుంటానా?

మాది చిన్న మంగళారం. మా ఆయన నర్సింలు ఇళ్ళలో జిప్సం బోర్డు పని చేస్తాడు. అది ఇటుకల గోడ కాదు. రేకు ఛానెళ్ళు నిలబెట్టి, రెండు వైపులా బోర్డులు బిగిస్తారు. మధ్యంతా డొల్ల. అవతల గోరుతో గీకినా ఇవతల వినిపిస్తుంది. నేను ఆయన వెంట పోయి గోడకు పూసే లప్పం కలుపుతాను, బోర్డుల అతుకులు పూడుస్తాను, ఆయన మీద అరుస్తాను.

కనకమామిడిలో ఒక ఫామ్‌హౌస్ ఉంది. ఆ ఇంటి మేడం పట్నం మనిషి. కొన్నేళ్ళ కిందట ఆ ఇంటి హాల్లో ఒక గోడ మేమే కట్టాం. దానికి మట్టిగోడ లాంటి టెక్స్చర్ కావాలని ఆమె ఫోన్‌లో బొమ్మ చూపించింది. నర్సింలు స్పాంజీతో చూశాడు, రోలర్‌తో చూశాడు. రాలేదు. ఆ రోజు మాకు అన్నం తెచ్చిన మా అత్తమ్మ బాలమణి ఆ బొమ్మ చూసి పకపకా నవ్వింది.

"గిదేందిరా, అలుకుడే గద! దీనికి గింత పరేషాన్ ఎందుకు?"

ఎర్రమట్టి జల్లెడ పట్టించింది. లప్పంలో కలిపింది. కొంగు నడుముకు చుట్టి, వాకిలి అలికినట్టే అరచేత్తో గోడంతా అలికేసింది. ఒకదాని పక్కన ఒకటి, వంపు వెనక వంపు. మేడం చప్పట్లు కొట్టింది. ఇక చూడండి, అత్తమ్మ చాలా రోజులు నేల మీద నడవలేదు. బస్సులో పక్క సీటువాళ్ళకు కూడా ఆ గోడ సంగతే.

అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత కదా. అత్తమ్మ పోయాక ఆ బిరుదు నాకూ వచ్చింది. నాకొద్దు ఆ బిరుదు. మా ఇద్దరికీ రోజూ గొడవే. రోజూ పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళం. ఆమె తిట్టకుండా లప్పం కలిపితే ఇప్పటికీ నాకు గడ్డలు కడుతుంది.

మొన్నామధ్య ఆ గోడలో ఏసీ పైపు కారి బోర్డు ఉబ్బింది. చాపంత ముక్క కోసి తీసేసి కొత్తది బిగించాలి. అదేం పెద్ద పని కాదు. ఆ కొత్త ముక్క మీద పాత అలుకు కలవాలి... అదీ అసలు పని. ఆ గోడ మీద పైనుంచి వాలుగా పడే లైట్లు ఉన్నాయి. వాలు వెలుగులో వెంట్రుకంత తేడా కూడా బయటపడుతుంది.

"చూడు సుజాతా, రేపు గెస్టులు వస్తున్నారు," అంది మేడం. "ప్యాచ్ కనపడితే మాత్రం గోడ మొత్తానికీ వాల్‌పేపర్ వేయించేస్తా. పొద్దున్నే వాల్‌పేపర్ అతను రోల్స్ తీసుకుని వచ్చేస్తాడు. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? అత్తమ్మ అలికిన ఇళ్ళు మా ఊళ్ళో ఒక్కటీ మిగల్లేదు. అన్నీ డాబాలయ్యాయి, కొన్ని ప్లాట్లయ్యాయి. మా ఇల్లూ అంతే. ఆమె చెయ్యి ఆడిన చోటు ఈ లోకంలో ఇంక ఆ గోడ ఒక్కటే. దాని మీద కాగితం అంటిస్తారట.

మేడం పట్నం వెళ్ళిపోయింది. బోర్డు బిగించి, అతుకులకు టేపు వేసి, లప్పం ఆరేసరికి చీకటి పడింది. అలకడం మొదలుపెట్టాను. అలికాను... గీకేశాను. మళ్ళీ అలికాను... మళ్ళీ గీకేశాను. వంపులు వస్తున్నాయి. కానీ అత్తమ్మవి కావు. ఏదో తక్కువ. ఉప్పు మరిచిన పప్పులా, చూడటానికి అన్నీ ఉన్నాయి.

"నీ చెయ్యి చిన్నగున్నదే," అన్నాడు నర్సింలు.

"నీది చాటంత ఉన్నది గద, నువ్వే అలుకు మరి!"

ఆయన అలికాడు. ఎద్దు నాకినట్టు వచ్చింది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు, పాపం. తల్లి చేసిన గోడ కదా.

గీకీ గీకీ మట్టి తక్కువపడింది. "ఇంటికాడ అమ్మ జల్లించిన మట్టి ఇంకో సంచి ఉన్నది. పోయి తీస్కొస్త. నువ్వు జర భయపడకు," అన్నాడు.

"నాకేం భయం? తొవ్వల కుక్కలొస్తయ్, నువ్వు భయపడకు సాలు!"

బండి చప్పుడు దూరమైంది. ఇంట్లో నేనొక్కదాన్నే. నేల మీద పెట్టిన ఒక్క లైటు. బయట తోటలో ఎక్కడో నెమలి ఒకసారి అరిచి ఊరుకుంది. తొట్టి అడుగున మిగిలిన మట్టిలో గీకేసినదీ కలిపి, తడిపి పిసుకుతూ కూర్చున్నాను.

అప్పుడు...

సర్ర్ర్...

చేతులు ఆపాను.

...టక్.

బల్లి అనుకున్నాను. బల్లి సర్రుమనదు. ఎలుకేమో అనుకున్నాను. ఊపిరి బిగబట్టి విన్నాను. మళ్ళీ... సర్ర్ర్... టక్. గోడ అవతలి నుంచి.

"ఏమయ్యా... ఒచ్చినవా?"

బండి చప్పుడే వినపడలేదు, ఆయన ఎలా వస్తాడు? ఒళ్ళంతా చెమట. పారిపోదామంటే తలుపు ఆ గోడ చివర్లోనే ఉంది. దాని వెంటే నడవాలి.

సర్ర్ర్... టక్.

ఎందుకు చేశానో తెలియదు... మెల్లగా జరిగి, పాత అలుకు మీద చెవి ఆనించాను. గోడ చల్లగా ఉంది. అవతల ఒక అరచెయ్యి... తడి అరచెయ్యి... కింది నుంచి పైకి వంపు తిరుగుతూ లేస్తోంది. పైకి వచ్చింది. ఆగింది. టక్.

నాకు ఆ చప్పుడు తెలుసు. పెళ్ళయి వచ్చిన కొత్తలో తెల్లారేసరికి నన్ను నిద్ర లేపిన చప్పుడు. వాకిలి అలుకుతుంటే, వంపు చివర మణికట్టు తిరిగినప్పుడు అత్తమ్మ వెండి కడియం నేలకు తగిలే చప్పుడు.

భయం పోలేదు. కానీ భయం పక్కనే ఏడుపు కూడా వచ్చి కూర్చుంది.

పాత అలుకు మీద వేలితో తడిమాను. వంపు చివర చిన్న నొక్కు. పక్క వంపు చివర ఇంకోటి. అన్ని వంపులకూ ఉంది. ఇన్నాళ్ళూ నా కంటికి ఆనలేదు. అత్తమ్మ చేతికి ఆ కడియం బిగుసుకుపోయి ఉండేది, పనిలో కూడా తీసేది కాదు. చివరి రోజుల్లో చెయ్యి వాస్తే దవాఖానలో కోసి తీశారు. నర్సింలు చేవెళ్లలో అతికించి తెచ్చి నా చేతికి తొడిగాడు. అప్పటి నుంచి నా చేతికే ఉంటుంది. ఆ పూట మాత్రం, మట్టీ లప్పం తగిలి పాడవుతుందని తీసి, రుమాల్లో చుట్టి, టిఫిన్ సంచిలో పెట్టాను. అత్తమ్మ వస్తువు కదా, గౌరవం! ఆ గౌరవమే నా పని చెడగొట్టింది.

మరి కడియం నా సంచిలో ఉంటే... అవతల టక్కుమంటున్నది ఏమిటి?

సంచి తెరిచాను. రుమాలు విప్పాను. ఉంది. చేతికి ఎక్కించుకున్నాను. మట్టి తీసుకుని కొత్త ముక్క మీద అరచెయ్యి పెట్టాను.

అవతల సర్ర్ర్... ఇవతల నా చెయ్యి. అవతల టక్... ఇవతల టక్. నేను తొందరపడితే అవతల ఆగిపోయేది. నేను నెమ్మదిస్తేనే మళ్ళీ మొదలయ్యేది. బతికి ఉన్నప్పుడూ అంతే. "ఉరుకుతవేందే? అలుకు ఏమన్న బస్సా, పోతదా?" అనేది. ఏడుస్తూనే అలికాను. తొట్టిలో మట్టి అడుగంటేసరికి ఆఖరి మూల కూడా అయిపోయింది.

"అత్తమ్మా... మంచిగొచ్చిందా?" అన్నాను.

చప్పుడు ఆగిపోయింది. ఇక రాలేదు.

నర్సింలు వచ్చి, గోడ చూసి, భుజం మీది సంచి దించడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు. నేను అంతా ఒక్క గుక్కలో చెప్పాను. ఆయన టార్చి తీసుకుని గోడ అవతలి గది తలుపు తెరిచాడు. మేడం కొత్త సామాన్ల అట్టపెట్టెలు, గోడకు ఆనించి, కింది నుంచి కప్పు దాకా. మనిషి కాదు కదా, చెయ్యి దూర్చే సందు కూడా లేదు.

"లోపల రేకు సల్లబడితే టక్కుమంటది," అన్నాడు.

"మరి సర్రుమన్నదేంది?"

"ఎలుక."

"ఎలుక కడియం ఏస్కున్నదా?"

ఆయన గోడకు చెవి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఏమీ వినపడలేదని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం. పొద్దున మేడం వచ్చింది, వెనకే వాల్‌పేపర్ అతను. వాలు లైట్లు వేసింది. గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది, అరచేత్తో తడిమింది.

"ఇంతకీ ప్యాచ్ ఎక్కడ?"

చూపిద్దామని వేలు ఎత్తాను... వేలు అట్లాగే ఆగిపోయింది. నాకే తెలియలేదు. వాల్‌పేపర్ అతను తెచ్చిన రోల్స్ తెచ్చినట్టే తీసుకుపోయాడు.

బండి మీద ఇంటికి బయల్దేరాం. మొయినాబాద్ దాటాక నర్సింలు బండి నెమ్మది చేశాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"అమ్మ... నన్ను గూడ అడిగిందానే?"

నేను విన్నది ఒక్క మాట కూడా లేదు, ఉత్త చప్పుడే. అది అత్తమ్మో, ఎలుకో, రేకు చల్లబడటమో, నా బుర్రలో మోతో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. కానీ ఆయన అట్లా అడిగితే ఏం చెప్తాను? భుజం మీద చెయ్యి వేశాను.

"అడిగింది. పోరడు తిన్నడా అన్నది."

ఆయన బండి పక్కకు ఆపి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్తమ్మ ఆయన్ను ఎప్పుడూ నా ముందు పోరడు అనలేదు, నర్సింగా అనేది. ఎవరూ లేనప్పుడు మాత్రం అట్లా పిలిచేదట... ఏడుపు ఆగాక ఆయనే చెప్పాడు. ఆ మాట నేను కల్పించి చెప్పిందే. కల్పించాననే అనుకుంటున్నాను.