డీజిలింజను తినేసిన చెవులు

మా బాబాయి పోయారు. పోయిన గురువారం హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు దాటుతుంటే మామిడికాయల లారీ గుద్దింది. లారీ అతను హారన్ కొడుతూనే ఉన్నాడట. ఆ ముక్క పట్టుకుని, శవం ఇంటికి చేరకముందే మా ఊళ్లో కొందరు, "చూశారా, చచ్చేటప్పుడు కూడా తప్పుకోలేదు, ఎంత పొగరో" అన్నారు. ఆ నోళ్లు మూయించడానికే ఇది రాస్తున్నాను.

బాబాయికి ఉన్నది పొగరు కాదు, చెముడు.

ఆయన గూడ్సు డ్రైవరు. బొగ్గింజను మీద మొదలుపెట్టి డీజిలుకు మారారు. మారిన కొత్తలో ఎంత మురిసిపోయారో! "డీజిలు చక్రాల్ని తిప్పదురా. కరెంటు పుట్టిస్తది. ఆ కరెంటు తిప్పుద్ది చక్రాల్ని" అని అన్నం కలుపుతూ చెప్పేవారు. ఒకసారి స్టేషన్లో ఆగి ఉన్న ఇంజను పక్కన నన్ను నిలబెట్టారు. బండి ఆగినా అది మోత ఆపలేదు, నా పళ్లు అదిరిపోయాయి. "బొగ్గింజను అరిచి ఊరుకుంటది. ఇది ఊరుకోదు" అన్నారు నవ్వుతూ. చెవుల్లో కాస్త దూది, అంతే ఆయనకున్న రక్షణ. ఇంజనుకు వేళకు నూనె పోయించిన పెద్దమనుషులకు లోపల కూర్చున్న మనిషికి చెవులుంటాయని తోచలేదు.

లైను మా ఊరి మామిడి తోటల పక్కనుంచే పోతుంది. కోతల రోజుల్లో ఆయన బండి కనిపిస్తే కూలీలు, రైతులు కంచె దగ్గరికొచ్చి కేకలేసేవాళ్లు. ఆ మోతలో దేవుడు పిలిచినా వినపడదు. ఆయన సిగ్నలు వైపే చూస్తూ వెళ్లిపోయేవారు. "మనూరోడే, పిలిస్తే పలకడు" అని పేరు పడిపోయింది.

ఇంజను మీద డ్రైవరు, అసిస్టెంటు సిగ్నలు చూసి ఒకరికొకరు పైకి చెప్పుకోవాలి. ఆ అలవాటే ఇంట్లోనూ. "పులుసు వెయ్యనా?" అని పిన్ని అడిగితే, "పులుసా? వెయ్యి" అని తిరిగి అనేవారు. విన్నది సరిగా విన్నారో లేదో చూసుకునేవారన్నమాట.

ఒకరోజు అసిస్టెంటు కేక ఆయనకు అందలేదు. ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా ఆయనే వెళ్లి, "నాకు వినపడటం లేదండీ" అని చెప్పి ఇంజను దిగారు. షెడ్డులో సామానుకు కాపలా పెట్టారు. ఊళ్లోవాళ్లు మాత్రం, "ఏదో వెధవ పని చేసుంటాడు, దింపేశారు" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"నిజం చెప్పేద్దాం బాబాయ్" అన్నాను.

"వద్దురా. పొగరుమోతంటే దూరంగా ఉంటారు. చెవిటోడంటే నవ్వుతారు. మొదటిదే నయం."

ఆ మాటకు ఆయన మీద కూడా నాకు కోపమే, ఇప్పటికీ. ఆ రోజు నిజం చెప్పుంటే, జంక్షన్‌లో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి ఉండేవాళ్లు కదా.

మా వైపు పాడెను దారిలో దింపుడు కళ్లం దగ్గర దించి, ప్రాణం ఉందేమోనన్న ఆశతో, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పాడె లేస్తుంటే పిన్ని గుమ్మం పట్టుకుని నిలబడి, ఊరంతా వినేలా అంది: "చెవిలో గొణగమాకండి. ఆయనకి చెముడు. గట్టిగా పిలవండి."

వాకిట్లో తలకాయలన్నీ వంగిపోవడం చూసినా నా కోపం చల్లారలేదు.

దింపుడు కళ్లం దగ్గర వాళ్లబ్బాయి వంగి, గొంతు చిరిగిపోయేలా "నాన్నా!" అని అరిచాడు. అవతలి తోటలో కాయ కోస్తున్నవాళ్లెవరో, తమనే పిలిచారనుకుని, "ఓయ్" అని పలికారు.