అవ్వ చెప్పిన సాక్ష్యం

నేను ఆత్మకూరులో స్కూలు టీచర్ని. ఆదివారాలు మాత్రం నా భార్యతో కలిసి ఉదయగిరి బస్సెక్కి, దుత్తలూరు వైపు ఒక పల్లెలో దిగుతాను. అక్కడ రేకుల షెడ్డే మా మందిరం. పాస్టరు లేని ఆ చిన్న సంఘానికి నేనే వాక్యం చెబుతాను.

ఒకసారి కలువాయిలో ఉన్న చెల్లెలి కోసమని నా భార్య నా ప్రసంగంలో ఒక ముక్క ఫోన్లో తీసింది. అది ఆ చేతా ఈ చేతా పడి చాలామందికి చేరింది. బాగుందన్నారు. నేను యూట్యూబ్‌లో ఛానల్ తెరిచాను. ముఖం చూడని మనుషులు వీడియో కింద ఆమేన్ అని రాస్తుంటే లోపల చల్లగా ఉండేది. స్కూల్లో ఇంటర్వెల్ గంట కొట్టగానే చెయ్యి జేబులోకి పోయేది. ప్రార్థనకు నిలబడేముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసుకునే అలవాటు కూడా వచ్చింది.

మందిరం వెనక వీధిలో గొర్రెలు మేపుకునే కుటుంబం ఒకటి ఉంది. వాళ్లు మా సంఘంవాళ్లు కారు. వాళ్ల దేవుళ్లు వాళ్లకున్నారు. అయినా ఆ ఇంటి అవ్వకు పక్షవాతం వచ్చి మాట పడిపోయినప్పుడు కోడలు వచ్చి, "మా అత్త కోసరం ప్రార్థన చేస్తారా సార్?" అని అడిగింది. అప్పటినుంచి ఆరాధన అయ్యాక మేమిద్దరం వెళ్లి, అవ్వ మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసి వచ్చేవాళ్లం. కొన్ని నెలలకు అవ్వకు మాట తిరిగింది. ముందు తిట్లు తిరిగినాయని కోడలు నవ్వింది.

ప్రార్థనకు మాట తిరిగిందన్న ఈ సాక్ష్యం అవ్వ నోటనే చెప్పించి ఛానల్లో పెట్టాలని నాకు ఒకటే ఆరాటం. కోడలు గొర్రెలు తోలుకుపోయిన పూట అవ్వను అడిగాను. ఆమె జుట్టు సర్దుకుని, ఫోను వంక చూసి మెల్లగా చెప్పింది.

"నాకు మాట పడిపోయినాది. నెల్లూరు డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చినాది. నా కోడలుండాదే, దాన్ని నేను ఏనాడూ ఒక మంచిమాట అనలా. అదే నన్ను ఎత్తి కూచోబెట్టినాది, నూనె రుద్దినాది, పసిబిడ్డకు నేర్పినట్టు మాటలు నేర్పినాది. ఈ సారు ఎండలో వచ్చి, నా పక్కన కూచోని, వాళ్ల దేవుణ్ణి అడిగినాడు. ఆ దేవుడు కూడా ఇన్నాడు."

తిరుగు బస్సులో వీడియో కత్తిరించడం మొదలుపెట్టాను. డాక్టరమ్మను తీసేశాను. కోడల్ని తీసేశాను. మాట పడిపోయిందన్న ముక్కకు, సారు దేవుణ్ణి అడిగాడన్న ముక్కను అతికించాను. 'కూడా' అన్న మాట దగ్గర వేలు కాసేపు ఆగింది. దాన్నీ తీసేశాను.

పక్కన కూర్చున్న నా భార్య ఫోను తీసుకుని చూసింది.

"అవ్వ ఇంతేనా చెప్పింది? నేనూ ఆడే ఉన్నా గదా."

"పొడుగైతే ఎవరూ చూడరు."

"కోడలేమైంది?"

"ఇదంతా దేవుని మహిమ కోసమే గదా!"

"ఆయన మహిమ కోసం అవ్వ మాటలు కొయ్యాల్నా?"

నాకు కోపం వచ్చింది. ఫోను ఆమె చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి ప్రార్థనకు మోకాళ్లూనితే నా గొంతు నాకే ఛానల్లో గొంతులా వినబడింది. ఎదురుగా ఎవరో చూస్తున్నట్టు మాటలు పేర్చుకుంటున్నాను. ప్రార్థన మధ్యలో ఆపి, లేచి, ఆ కత్తిరించిన ముక్కను చెరిపేశాను. నా భార్యకు చెప్తే, "అన్నానికి రాండి" అంది, అంతే.

మళ్లీ ఆదివారం కోడలు దొడ్డి దగ్గర ఉంటే మొత్తం వీడియో చూపించాను. తన మాట వచ్చేసరికి ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుంది.

"మా అత్తేనా సార్ ఇట్ల చెప్పింది? ఇంకోసారి పెట్టండి."

లోపలినుంచి అవ్వ అరిచింది. "ఏందే ఆడ నిలబడినావు? ఎసరు మరిగిపోతా ఉండాది!"

"వస్తా ఉండానత్తా," అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది కోడలు. "సార్, దీన్ని ఎవురికీ పంపబాకండి. నాకు పంపండి."

ఆమెకే పంపాను.

ఛానల్ మూసెయ్యలేదు. అప్పుడప్పుడు వాక్యం పెడుతుంటాను. ఎంతమంది చూశారోనని మనసు లాగే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. ఇళ్లకు ప్రార్థనకు పోయేటప్పుడు మాత్రం ఫోను ఆపేసి నా భార్య సంచిలో వేస్తాను.

ఈ ఎండాకాలం ఒక ఆదివారం అవ్వ కర్ర పట్టుకుని, కోడలి భుజం ఆసరాగా మందిరం దాకా వచ్చింది. గడప పక్కన కూర్చుని, వాక్యం మధ్యలో కోడలితో ఏదో గొడవ పెట్టుకుంది. అందరూ వెనక్కి తిరిగి నవ్వారు. నేను వాక్యం ఆపి, వాళ్ల గొడవ తేలేదాకా నిలబడ్డాను.