కోట వెనక మూల

కోట చూపించే గైడు మధ్యాహ్నం కాగానే మాయమైపోతున్నాడు. గేటు దగ్గర టీ కొట్టు నడిపే అతని భార్యకు అనుమానం పట్టుకుంది. ఎక్కడికెళ్లావని అడిగితే నీళ్లు నమిలేవాడు. ఒకరోజు కొట్టు చెల్లెలికి అప్పగించి, జనాన్ని తోసుకుంటూ అతని వెంటపడింది. యాత్రికులెవరూ తిరగని వెనక గోడ చాటున అతనొక్కడే రాయి మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఎదురుగా ఇంకో రాయి ఉంది.

"ఇదెవరికి?" అంది.

అతను ఉలిక్కిపడ్డాడు. "కాళ్లు చాపుకోవడానికి. పొద్దుణ్నించీ వాగీ వాగీ గొంతు పోతోంది. కాసేపు నోరు మూసుకుందామని వస్తాను."

"నాతో చెప్పొచ్చుగా?"

"నువ్వు టీకొచ్చిన వాళ్లందరికీ చెబుతావు. ఇక ఇక్కడా సెల్ఫీలే."

అది నిజమే. అయినా ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. ఆ రెండో రాయి మీద కూర్చుంది. మర్నాడూ వచ్చింది. కాపలాకేనని చెల్లెలికి చెప్పింది గానీ, ఈసారి తనే ముందు కళ్లు మూసుకుంది.