అయ్యవారు వెతికిన రచయిత

అయ్యవారు పోయిన సంగతి నాకు మా ఆయన చెప్పారు. ఆదోనికి పనిమీద వెళ్లి సాయంత్రం బస్సుకు ఎమ్మిగనూరు వచ్చారు. నేను విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్నాను. కాళ్లు కడుక్కుని వచ్చి, ఎన్నడూ లేనిది నా పక్కన కూర్చుని, ఆయన కూడా గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టారు. అప్పుడే నాకు ఏదో అనుమానం వచ్చింది.

“మీ అయ్యవారు మొన్న పోయినాడంట. మట్టి జేసేది గూడా అయిపోయిందంట” అన్నారు.

చేతిలో ఉన్న కాయ ఒలిచాను. దాని తరువాతది కూడా ఒలిచాను. ఏడుపు వెంటనే రాలేదు. ఆయన బతికి ఉండగా చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఆరేళ్లుగా ఉంది. ఇక దాన్ని ఎవరికి చెప్పాలి అన్నదే ముందు తోచింది.

ఆయన పెద్దకడుబూరులో నాకు అయిదో తరగతి చెప్పిన మనిషి. ఆయన అమ్మానాన్నలు ఇతరుల చేలల్లో కూలికి పోయేవాళ్లు. మిషను బడిలో చదువుకుని, ఆ ఇంట్లో మొదట అక్షరం నేర్చినవాడు ఆయనే. ఆదివారం మిషను గుడిలో బైబిలు వాక్యం చదివేది కూడా ఆయనే కాబట్టి, పదాన్ని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో ఆయన గొంతుకు బాగా తెలుసు. పుస్తకం ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని పంచె అంచుకు తుడుచుకునేవారు. ఎప్పుడూ నిలబడే చదివేవారు. కూర్చుంటే ఊపిరి మడత పడుతుందని ఆయన లెక్క.

శనివారం మధ్యాహ్నం లెక్కలు అయ్యాక మాకు కథలు చదివేవారు. మాంత్రికులు, రెక్కల గుర్రాలు, సముద్రం అడుగున ఊళ్లు, గ్రహాల మీదికి పోయే యంత్రాలు. అంత వయసు వచ్చిన మనిషి పిల్లకాయల పుస్తకాలు చదువుతాడని ఊళ్లో నవ్వేవాళ్లు. ఒకసారి ఊరి పెద్ద ఒకాయన బడికే వచ్చి, ఈ లేనిపోని కతలు ఎందుకు, పిల్లలకు వడ్డీ లెక్కలు చెప్పమన్నాడు. అయ్యవారు వాదించలేదు. ఆయన్ని కూర్చోబెట్టి ఒక పేజీ చదివి వినిపించారు. పెద్దాయన రెండో పేజీ కూడా విని లేచి వెళ్లిపోయాడు.

అయితే అన్ని మాయకథలూ ఆయనకు నచ్చేవి కావు. ఆదోనిలో పాతకాగితాలు కొనే అంగడి ముందు నిలబడి, అట్టలూడిన పత్రికలన్నీ తిరగేసి, ప్రతిదాంట్లోనూ మొదటి పేజీ పైకి చదివేవారు. నాలుక తట్టుకుంటే పక్కన పెట్టేసేవారు. ఎంత పెద్ద రాక్షసుడు ఉన్నా, ఎంత వేగంగా పోయే యంత్రం ఉన్నా, వాక్యం బాగాలేకపోతే ఆ పుస్తకం ఆయనకు అక్కర్లేదు. “కత ఎవరైనా సెప్తారు పాపా. నోట్లో ఏసుకుంటే కరగల్ల” అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. “ఆకాశానికి పోయినోడు ఈ నేల వాసన మోసుకోని పోకుంటే, వాడు పోనట్లే.” అట్లా రాసేవాళ్లు తక్కువ. దొరికిన ఒకరిద్దరి పేర్లు మాకు పద్యాల్లా వల్లె వేయించారు.

పెళ్లయి నేను ఎమ్మిగనూరు వచ్చేశాను. ఆయనకు ఆదోనికి బదిలీ అయింది. మా ఆయన ఆదోనికి వెళ్లినప్పుడల్లా నేనూ వెంట వెళ్లి వాళ్లింట్లో ఒక పూట గడిపేదాన్ని. మొదటిసారి వెళ్లేటప్పుడు, ఆ ఇంట్లో నీళ్లు ముట్టొద్దని మా అత్త చెప్పి పంపింది. అయ్యవారి భార్య చెంబు అందించింది. తాగాను. ఆ రోజు నుంచి ఆమెను పెద్దమ్మా అని పిలిచాను. వచ్చేటప్పుడు అయ్యవారు రెండు పుస్తకాలు ఇచ్చేవారు. చదివి తిరిగి ఇచ్చేటప్పుడు కథ అడిగేవారు కాదు. ఏ వాక్యం గుర్తుందో అడిగేవారు.

ఆరేళ్ల కిందట, కరువు ఏట నేనొక కథ రాశాను. నీళ్లు వెతుక్కుంటూ ఒక పల్లెపిల్ల చంద్రమండలానికి పోయే కథ. ఆడపిల్ల పేరుతో వస్తే ఎవరు వేస్తారులే అనుకుని, మగవాళ్ల పేరు ఒకటి కల్పించి పత్రికకు పంపాను. వేశారు. మా ఆయన చదివి, బాగుందన్నారు. అయ్యవారికి చూపించమన్నారు. ఈసారి వెళ్లినప్పుడు చూపిస్తానన్నాను.

నేను చూపించేలోపే ఆయనకే దొరికింది. నేను వాళ్ల గడప దాటగానే “పాపా, కూసో, కూసో” అని నన్ను కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, నిలబడి, నా కథను నాకు చదివి వినిపించారు. ఒకచోట ఆగి, ఆ రెండు వాక్యాలే మళ్లీ చదివారు. ‘ఆమె అడుగు పెట్టిన చోట దుమ్ము లేచింది. లేచి, ఎక్కడికి పోవాలో తెలియక, ఆమె చుట్టూ నిలబడింది.’

“యినినావా? దుమ్ము నిలబడిందంట. ఈయన మన దిక్కోడే పాపా. రేగడి నేలలో నడిసినోడు తప్ప ఇంకొగడు రాయలేడు. ఈయన యాడుండాడో కనుక్కోవల్ల.”

నేను తల వంచుకుని కూర్చున్నాను. నోరు తెరిస్తే ఒక్క మాటలో అయిపోయేది. తెరవలేదు.

నెల తిరగకుండా పత్రికవాళ్లు ఒక ఉత్తరాన్ని మా ఇంటికి మళ్లించి పంపారు. కవరు మీద అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. నాకు గుండ్రంగా రాయడం నేర్పిన అక్షరాలే అవి. ‘అయ్యా, తమ కథను మూడు మార్లు చదివితిని. మూడవ మారు బిగ్గరగా చదివితిని. ఇంతకాలము ఇటువంటి రచనకై వెతుకుచున్నాను. తమకు అక్షరములు దిద్దించిన అయ్యవారెవరో ఎరుగను. వారికి నా నమస్కారములు తెలియజేయగలరు.’

ఆ ఉత్తరం పట్టుకుని నేను వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. జవాబు రాస్తే చేతిరాత చూసి నేనేనని పట్టేస్తారు. ఇంకొకరిచేత రాయిస్తే అది మోసం. అందుకని అసలు రాయలేదు. రెండో ఉత్తరం వచ్చింది. ఏడాది తరువాత మూడోది. “జవాబేమైనా వచ్చిందా అయ్యవారూ?” అని నేనే వెళ్లినప్పుడు అడిగేదాన్ని. ఆ మాట ఏ నోటితో అడిగానో ఇప్పటికీ అర్థం కాదు. “పెద్ద రాతగాళ్లు గదా, తీరిక ఉండదు” అనేవారు. ఆయన గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

మా ఇంట్లోవాళ్లకు భయపడి చెప్పలేదంటే చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. మా ఆయన ఎన్నోసార్లు, చెప్పేయరాదా, ముసలాయన సంతోషిస్తాడు అన్నారు. నిజం వేరే ఉంది. ఆయన ఆ కనబడని మనిషిని ‘అయ్యా’ అని పిలిచారు. నన్ను ‘పాపా’ అంటారు. నేనేనని తెలిస్తే, ఒత్తులు తప్పు రాసి ఆయన చేత దిద్దించుకున్న పిల్లే మళ్లీ ఆయన కళ్లముందు నిలబడుతుందని భయపడ్డాను. ఆ గొప్పమనిషిగా ఇంకొన్నాళ్లు ఉండాలని ఆశపడ్డాను. ఆ ఆశలో ఇంకో కథ కూడా రాయలేకపోయాను. ఏం రాసినా ఆయన పొగిడినంత బాగా లేదనిపించేది, చించేసేదాన్ని.

అన్నింటికంటే నన్ను బాధించేది హాలహర్వి సంగతి. ఆ ఊళ్లో ఎవరో కథలు రాస్తారని ఆయనకు ఎవరో చెప్పారు. వెళ్లొస్తానని నాతోనే అన్నారు. మంచి ఎండాకాలం. నేను వద్దనలేదు. బస్సు దిగి, అడుగుతూ అడుగుతూ నడిచి వెళ్తే, అక్కడున్నది భజన పాటలు కట్టే ఒక రైతు. మరుసటి వారం వెళ్లి చూస్తే అయ్యవారి ముఖం మాడిపోయి, పెదవులు పగిలి ఉన్నాయి. అయినా నవ్వుతూ చెప్పారు. “ఆయప్ప కాదు పాపా. కానీ మంచోడు, మజ్జిగ పోసినాడు.” పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచి, ఈ వయసులో ఈయనకు ఈ తిరుగుడు ఎందుకో నువ్వైనా చెప్పమ్మా అని నాతో అంది. నేను అయ్యవారికి కాస్త విశ్రాంతి తీసుకోమని చెప్పాను. అంతే చెప్పాను.

మనుషులు చేసిన గోళం ఒకటి ఆకాశంలో భూమి చుట్టూ తిరుగుతోందని పేపర్లో వచ్చినప్పుడు, ఆయన ఉత్సాహంతో ఊగిపోతారనుకుని వెళ్లాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. “పోయింది, సరే. ఆడ ఎట్లుండాదో ఎవరు రాస్తారు? ఆయన రాయల్ల. ఆయన మళ్లీ ఎందుకు రాయల్యేదు పాపా?” అని అడిగారు. నాకు తెలియదన్నాను.

కిందటి చలికాలంలో ఆయనకు ఆయాసం మొదలైంది. ఎండాకాలం వచ్చేసరికి నిలబడి చదవలేకపోయారు. ఒక రోజు నన్ను చదవమన్నారు. ఆ రోజు చెప్పాలనే వెళ్లాను. ఆయన పెట్టెలో నుంచి వేరే ఎవరిదో కథ తీసి ఇచ్చారు, చదివాను. కళ్లు మూసుకుని వింటూ, ఒకచోట వేలితో గాలిలో చిన్న గీత గీశారు. అక్కడ ఆగాలని అర్థం. ఆగాను. కథ అయ్యేసరికి నిద్రపోయారు. లేపడం ఎందుకులే, బస్సుకు వేళవుతోంది, వచ్చే నెల చెబుదాం అనుకుని వచ్చేశాను. ఆ నెల రాలేదు.

కబురు తెలిసిన మరునాడు పొద్దున్నే ఆదోని వెళ్లాను. పెద్దమ్మ ఏడవలేదు. సమాధి చూద్దువు రా అని తనే బయలుదేరింది. ముందు రోజు తొలివాన పడింది. కొత్త మట్టి ఒక పక్కన కుంగి, చిన్న గుంట పడి ఉంది. ఆమె అక్కడే కూర్చుని, చుట్టూ ఉన్న మట్టిని చేతులతో లాగి గుంటలో నింపసాగింది. నేను ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. కథ నాదేనని, ఉత్తరాలు మూడూ నా పెట్టెలోనే ఉన్నాయని, హాలహర్వికి వెళ్లేటప్పుడు కూడా నోరు తెరవలేదని చెప్పాను.

ఆమె చేతులు కాసేపు ఆగాయి.

“సెప్పింటే ఆయన తిట్టిండేటోడు కాదమ్మా” అంది. “ఇంకొగటి రాయమనిండేటోడు.”

మళ్లీ మట్టి నింపుతూ, “ఆ పక్క నువ్వు నొక్కు, నాకు అందదు” అంది. నేను నొక్కాను. అరచేతుల కింద నల్లమట్టి మెత్తగా దిగి, వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చింది. ఇద్దరం కలిసి ఆ చోటంతా చదును చేశాం. చేతులు కడుక్కోవడానికి చుట్టుపక్కల ఎక్కడా నీళ్లు లేవు. చీరలకు అంటకుండా చేతులు దూరంగా చాపి పట్టుకుని, ఆమె ముందు, నేను వెనుక, తడిసిన దారి వెంట ఊళ్లోకి నడిచాం.