బ్రేకు దీపం రంగు

మొన్న ఆదివారం మా తమ్ముడు నాన్నగారి పాతకారు బాగుచేయించి తెచ్చి, కోరుకొండ దాకా తిప్పుకొస్తానంటే సరదాపడి ఎక్కానే గానీ, దారిపొడుగునా నా మెడ వెనక్కే తిరిగి ఉంది. ఆ కారుకి బ్రేకు వేస్తే వెనక కుడిపక్కన ఒకే ఒక్క దీపం వెలుగుతుంది, అదీ ఎర్రది కాదు, నారింజరంగుది. ఆ కాలపు కార్లు కొన్ని అలాగే వచ్చేవి. ఇప్పుడా రంగు చూసినవాడు బండి మలుపు తిరుగుతోందనుకుంటాడే తప్ప ఆగుతోందనుకోడు.

నాన్నగారు డాక్టరు. కాలవగట్టు మీద ఎవరు చెయ్యెత్తినా, వంతెనా మలుపా అని చూడకుండా కారు ఆపేసేవారు. వెనక సీటు మీద మోకాళ్ళేసుకుని, వెనకాల ఏ బండి వస్తోందో అద్దంలోంచి చూసి చెప్పడం చిన్నప్పుడు నా ఉద్యోగం, అది నాకెంతో గొప్పగా ఉండేది గానీ అమ్మ మాత్రం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేది. ఒకసారి మా ప్రాంతం ఎరగని లారీ ఒకటి, కుడిపక్కనున్న ఆ ఒక్క దీపం చూసి మేమటు తిరుగుతున్నామనుకుని ఎడమవైపు నుంచి దూసుకుపోయింది. తలుపు తీయబోయిన అమ్మ చెయ్యి అలాగే ఉండిపోయింది.

మర్నాడే అమ్మ, పెళ్ళిపందిళ్ళలో కట్టే ఎర్ర గాజుకాగితం తెప్పించి దీపానికి అంటించింది. బల్బు వేడికి అది ముడుచుకుపోయేది, లేదా ఎండకి వెలిసిపోయేది, అమ్మ మళ్ళీ అంటించేది. ఈ గట్టు మీద మన కారు ఎక్కడాగుతుందో తెలియనివాళ్ళెవరే అని నాన్నగారు నవ్వేవారు. అదీ నిజమే, గట్టు పక్కన చెయ్యెత్తిన మనిషి కనబడితే చాలు, మా వెనకున్న బస్సు డ్రైవరు మాకంటే ముందే నెమ్మదించేవాడు.

ఎర్రది పెట్టించరా నాయనా అని తమ్ముణ్ణి ఎన్నిసార్లు బతిమాలానో. "అసలు రంగు తీసేస్తే ఇంక నాన్నగారి కారెందుకవుతుందక్కా?" అంటాడు, అచ్చం ఆయన మొండితనమే. ప్రతి ఆదివారం ఒక్కడే తీసుకుని హైవే ఎక్కుతాడు. ఇంటికి చేరానని ఫోను వచ్చేదాకా నాకు అన్నం సయించదు, రోడ్డు మీద ఏ హారన్ మోగినా ఫోను వంక చూస్తాను.

ఆ రంగు పోతే నాకు మాత్రం బాధ ఉండదా? కానీ ఆ రోజుల్లో వెనక వచ్చేవాళ్ళకి ముందు కారులో ఉన్నదెవరో తెలుసు గనక దీపం ఏ రంగుదైనా చెల్లిపోయింది. ఇప్పుడు వెనక వచ్చే లారీవాడికి మా తమ్ముడు ఎవరి కొడుకో తెలియదు. ఎరుపు ఒక్కటే తెలుసు.