ప్రకటనలు ఆపేసిన రంజాన్

2015లో దుబాయ్, అల్ కుసైస్‌లో ఒక చిన్న డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీలో నేను క్యాంపెయిన్ మేనేజర్‌ని. ఫోన్లలో కనిపించే ప్రకటనలు ఎవరికి, ఎప్పుడు, ఎలా చూపించాలో తేల్చే పని. కాకినాడలో మా అమ్మ మాత్రం ఎవరడిగినా "కంప్యూటర్ ఉద్యోగం" అని ఊరుకునేది.

ఆ ఏడాది షార్జా అత్తరు వ్యాపారి ఫరీద్ సాబ్ మా దగ్గరికి వచ్చారు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఇండోనేషియాలో అమ్మాలని సరుకంతా ముందే జకార్తా గోడౌన్‌కి చేర్చేశారు. అక్కడ జనం ఈద్‌కి కొత్త బట్టలూ అత్తరూ కొనుక్కుని సొంతూళ్లకి బయల్దేరతారు. ఆలోగా అమ్ముడవకపోతే ఆ సరుకు గోడౌన్లో మూలుగుతూ పడుంటుంది.

గల్ఫ్‌లో నడిచిన పద్ధతే అక్కడా పెట్టాం. వెబ్‌సైట్, ఎడారి వీడియో, కార్డుతో చెల్లింపు. జనం ప్రకటన నొక్కుతున్నారు, పేజీ పూర్తిగా తెరుచుకోకముందే వెళ్లిపోతున్నారు. మా భాషలో అది బౌన్స్. నాకు కాలు నిలవలేదు. మెట్రోలో నిలబడి కూడా ఫోన్‌లో ఆ గ్రాఫే తెరిచి చూసుకునేదాన్ని.

జకార్తాలో మాతో కలిసి పనిచేసే వులాన్‌కి ఫోన్ చేశాను.

"ఇక్కడ చాలామందికి ఇంటర్నెట్ అంటేనే ఫోన్," అంది. "అదీ చవక ఫోన్. మీ వీడియో వాళ్ల డేటా అంతా తినేస్తుంది. పైగా మనిషితో మాట్లాడందే కొనరు. చాట్ పెట్టు."

ఫరీద్ సాబ్‌కి ఆ మాట రుచించలేదు. "చాట్‌ల బేరమాడాల్నా? నా అత్తరేమన్న చాపల బజారా బేటా?" అన్నారు. రోజులు గడిచిపోతున్నాయని బతిమాలితే చివరికి ఒప్పుకున్నారు.

వీడియో తీసేశాం. ఒక ఫోటో, రెండు వాక్యాలు, ఒక బటన్. నొక్కితే చాట్ తెరుచుకుంటుంది. ఏటీఎం నుంచి మా ఖాతాకి డబ్బు పంపి, రసీదు ఫోటో తీసి పెడితే సరుకు ఇంటికొస్తుంది. జవాబులు చెప్పడానికి మా ఆఫీసులోనే ఇండోనేషియా భాష వచ్చిన ఒకమ్మాయిని కూర్చోబెట్టాం.

పద్ధతి పనిచేసింది. ఎంతగా అంటే మా చేయి దాటిపోయేంతగా. వాళ్ల గడియారం దుబాయ్ కన్నా మూడు గంటలు ముందు నడుస్తుంది. ఉపవాసం విడిచే ముందు అక్కడ అందరూ ఫోన్ పట్టుకుని కూర్చునే వేళకి, రంజాన్ పనివేళల ప్రకారం ఇక్కడ మా ఆఫీసు మూతపడుతుంది. ఆల్కహాల్ కలిసిందా, పూసుకుని నమాజు చేయొచ్చా అని ప్రశ్నల మీద ప్రశ్నలు. మధ్యలో రసీదు ఫోటోలు. ఆ అమ్మాయి ఇంటికెళ్లాక కూడా టైప్ చేస్తూనే ఉంది, అయినా తరగలేదు.

ఒక మధ్యాహ్నం వులాన్ ఫోన్ చేసింది. "కామెంట్లు చూశావా? పెనిపు అని రాస్తున్నారు."

"అంటే?"

"మోసగాళ్లు అని."

కుర్చీలోంచి లేచాను, మళ్లీ కూర్చున్నాను. ప్రకటన నడిచినకొద్దీ జవాబు రాని మనుషులు పెరుగుతారు. మా ముదీర్ సెలవులో ఉన్నారు, ఇక్కడ బాసుని అలాగే అంటారు. నా వీసా కంపెనీది, ఉద్యోగం పోతే ఇంటికే. అయినా నడుస్తున్న ప్రకటనలన్నీ ఆపేశాను.

వెంటనే ఫరీద్ సాబ్ ఫోన్. "బంద్ చేసినవంట? ఎవర్నడిగి చేసినవ్?"

"ఎవర్నీ అడగలేదు సాబ్."

"దుకాణం ముంగట గిరాకి నిలబడితే షట్టర్ దించుతరా ఎవరన్నా?"

"లోపల పలికేవాళ్లు లేకపోతే దించాలి సాబ్. ఒక్కసారి రండి, చూపిస్తాను."

ఉపవాసంలో, ఆ ఎండలో, షార్జా ట్రాఫిక్ దాటుకుని వచ్చారు. కోపంతో కూర్చోను కూడా లేదు. సురబయా నగరం నుంచి ఒకతను రాసిన చాట్ తెరిచాను. ఆ అమ్మాయి ఒక్కొక్క వాక్యం హిందీలో చెప్పింది. ముందు రసీదు ఫోటో. కింద, "అందిందా సార్?" తర్వాత, "మా నాన్న కోసం తీసుకున్నాను." ఆ తర్వాత, "లేదనైనా చెప్పండి సార్."

ఫరీద్ సాబ్ నెమ్మదిగా కూర్చున్నారు. "దుకాణంల ఎవరన్న సలాం చెప్తే నేనెన్నడు జవాబియ్యకుండ లేను," అన్నారు. తెర మీది రసీదు వైపు చూపించి, "వీళ్లకు మాఫీ ఎట్ల అడగాలె?" అన్నారు.

"వాళ్ల భాషలో మఆఫ్ అనాలి సార్," అంది ఆ అమ్మాయి.

ఆయన తలెత్తారు. "మనది గూడ అదే గద!"

ఆ ఒక్క మాటతో, సలాంతో మొదలుపెట్టి, ఆయన గొంతుతోనే చిన్న వాయిస్ మెసేజ్ రికార్డు చేశాం. డబ్బు పంపిన ప్రతి ఒక్కరికీ పంపాం. వులాన్ జకార్తాలోనే చాట్‌కి మనుషుల్ని కూర్చోబెట్టింది. ముందు పాతవాళ్లకి జవాబులు, తర్వాతే కొత్త అమ్మకం అని ఫరీద్ సాబే అన్నారు. దాంతో ఈద్ ముందున్న మంచి రోజులు చేజారాయి, సరుకులో చాలాభాగం మిగిలిపోయింది. ఎక్కువమంది ఓపిక పట్టారు. సురబయా అతను మాత్రం డబ్బు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ మాతో మాట్లాడలేదు.

ముదీర్ తిరిగొచ్చాక నన్ను గట్టిగానే మందలించారు. ఉద్యోగం మాత్రం నిలిచింది. ఈద్ తర్వాత ఫరీద్ సాబ్ ఒక్క జకార్తాలోనే, జవాబు చెప్పగలిగినంత మేరకే అమ్మకం మళ్లీ మొదలుపెట్టారు. ఆ వ్యాపారం మెల్లగానే పెరిగింది.

ఫోన్‌లోనే కొనేవాళ్లకి మన పేజీ దుకాణం కాదని, అవతల పలికే మనిషే దుకాణమని నాకు ఆ రంజాన్‌లో తెలిసింది. ఇప్పుడు ఏ క్లయింట్ వచ్చినా ప్రకటన ఎలా ఉండాలన్నది రెండో సంగతి. మొదట "జవాబు ఎవరు చెప్తారు?" అని అడుగుతాను. "చూద్దాంలే" అంటే ఆ పని నేను మొదలుపెట్టను.