గడియ కొన్న ఎర్ర వైన్

ముందు చప్పుడు వినిపించింది. టక్. కాస్త ఆగి, మళ్లీ టక్. గాజు మీద ఎముక తగిలే చప్పుడు. లోపల ఎవరైనా ఉన్నారేమోనని ఒక్కో తలుపూ తట్టి చూస్తున్నట్టు, మందు దుకాణంలో చివరి అర వెనక నుంచి వస్తోంది.

"పగిలిందంటే నువ్వే కొనాలి," అంది దుకాణపామె, తల ఎత్తకుండానే.

"ఇది పగలదమ్మా. దీంతో కొడితే పగిలేది తలే."

మాట వెనకాల మనిషి వచ్చాడు. మా భవనంలో నా పై గదిలో ఉండే గడియ. అతని ముక్కు రెండుసార్లు విరిగి, రెండుసార్లూ రెండు వైపులకి అతుక్కుంది. ఎడమ చెవి ఎవరో నమిలి వద్దనుకుని వదిలేసినట్టుంటుంది. కుడిచేతి వేళ్ల కణుపులు కలిసిపోయి ఒకే గట్టు అయ్యాయి. ఆ గట్టుతోనే సీసాలు తట్టి చూస్తున్నాడు.

గడియ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఇరవై రెండేళ్లు ఒక బార్ తలుపు దగ్గర, దాని గడియలా నిలబడ్డాడు. లోపలికి ఎవరు రావాలో, లోపలివాడు బయటికి ఏ భంగిమలో పోవాలో తేల్చేది అతనే. పళ్లు గచ్చు మీద పడితే చిల్లర రాలినట్టు వినిపిస్తుందని నాకు చెప్పింది అతనే. మోచెయ్యి పచ్చికొమ్మ లాంటిదట, ముందు వంగి, తర్వాత విరుగుతుందట. ఒకసారి ఒకడు తొడలో కత్తి దింపితే, కత్తిని అలాగే ఉంచుకుని వాణ్ణి వీధి చివరిదాకా ఈడ్చి, గోడకేసి మూడుసార్లు కొట్టి, తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్న తర్వాతే కళ్లు తిరిగి పడ్డాడు. ఇవన్నీ చెప్పేటప్పుడు అతని గొంతులో గొప్ప ఉండదు. వడ్రంగి కలప సంగతులు చెప్పినట్టు చెబుతాడు.

జీవితంలో ఒక్క చుక్క తాగలేదు. తాగినవాణ్ణి కొట్టాలంటే తాగనివాడే ఉండాలంటాడు. అందుకే సీసాల గురించి అతనికున్న జ్ఞానమంతా తల మీదుగా వచ్చింది. బీరు సీసా మొదటి దెబ్బకే ముక్కలవుతుంది. పొంగే వైన్ సీసా నాలుగు దెబ్బలైనా తట్టుకుంటుంది.

"బరువైంది చూసి ఇవ్వమ్మా," అన్నాడు ఆమెతో. "బరువుంటే మంచిదే అయ్యుంటుంది."

"బరువు గాజుది నాయనా, వైన్‌ది కాదు. ఎవరికివ్వాలి?"

"మా బావమరిదికి."

"ఏంటి విశేషం?"

"వాడికి కన్ను పోయింది."

"అయ్యో! ఎప్పుడు?"

"పదకొండేళ్లయింది. నేనే తీశాను."

ఆమె అప్పుడు తలెత్తింది. నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆ కథ నాకు తెలుసు.

బావమరిది అంటే అతని భార్య తమ్ముడు. ఒక పెద్ద హోటల్లో భోజనాల దగ్గర వైన్ పోసేవాడు. సీసా అడుగున గుంటలో బొటనవేలు ఆనించి, జానెడు ఎత్తు నుంచి పోస్తే గ్లాసు చుట్టూ ఒక్క చుక్క పడేది కాదట. ఒకరోజు అక్క ఇంట్లో అందరూ భోజనానికి కూర్చున్నారు. అతను నవ్వుతూ అన్నాడు: "మా అక్కకి సంబంధాలు వెతికీ వెతికీ, చివరికి తలుపు దగ్గర కట్టేసే కుక్కకిచ్చి చేశాం." అందరూ నవ్వారు. పదహారేళ్ల కూతురు కూడా నవ్వింది. గడియ చేతికి దగ్గర్లో ఖాళీ సీసా ఉంది. మొదటి దెబ్బకి అది పగిలింది. రెండో దెబ్బ పగిలిన సీసాతో పడింది. తాగి కొట్టాడని ఊరంతా అనుకుంది. తాగలేదు. అతన్ని ఎప్పటికీ నిద్రపోనివ్వనిది అదే.

ఒక కన్నుతో చూసేవాడికి దూరం తెలియదు. బావమరిది మళ్లీ పనిలో చేరిన రోజే వైన్ గ్లాసు పక్కన పోశాడు. రెండో రోజు ఒకావిడ ఒళ్లో పోశాడు. మూడో రోజు పని లేదు. ఇప్పుడు అదే హోటల్ దుప్పట్లు ఉతికే చోట ఇస్త్రీ చేస్తున్నాడు. రెండేళ్ల కిందట అక్క పోయినప్పుడు వచ్చాడు. గడియ పక్కనే నిలబడ్డాడు. కన్ను లేని వైపు గడియకి వచ్చేలా చూసుకుని మరీ నిలబడ్డాడు.

నెల కిందట గడియ కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో ఇతను చేతులు చాపితే, కూతురు పసిదాని చుట్టూ గుడ్డ ఇంకా దగ్గరికి లాక్కుంది.

"వద్దు నాన్నా. ఆ చేతులతో వద్దు."

"కడుక్కునే వచ్చానమ్మా."

"కడిగితే పోయేదైతే మామయ్యకి కన్ను వచ్చుండేది. వెళ్లి ఆయన్ని అడుగు. ఆయన నోటితో సరేనంటే, అప్పుడే నీ చేతికిస్తాను."

ఈ ఆదివారం వెళ్తానని ఆమెకి మాటిచ్చాడు. అందుకే ఈ సీసా.

ఇదంతా దుకాణపామెకి రెండు ముక్కల్లో చెప్పాడు.

"ఆయనకి వైన్ తెలుసన్నమాట. తెలిసినవాళ్లకిచ్చేటప్పుడు ఖరీదు చూడకూడదు, ఏ ఏడాదిదో చూడాలి," అంటూ ఆమె కింది అరలో అడ్డంగా పడుకోబెట్టిన ఎర్ర వైన్ సీసాలు రెండు తీసింది. "ఇది కొత్తలో పొగరుగా ఉంటుంది. నోరంతా పట్టేస్తుంది, నాలుక గరగరమంటుంది. కదపకుండా పడుకోబెడితే ఏడాదికేడాది మెత్తబడుతుంది. ఇది ఎనిమిదేళ్లది, ఆ ఏడు ఎండలు బాగా కాశాయి. అది పదకొండేళ్లది, వానల్లో తడిసిన పంట. ఎనిమిదేళ్లదే తీసుకో."

గడియ రెండో సీసా అందుకుని నాకు చూపించాడు. "చదువు. ఏ ఏడాది అనుంది?"

చదివాను. అతను మనసులో లెక్క వేసుకున్నాడు.

"ఇదే కావాలి."

"అదంత మంచిది కాదంటున్నానుగా!"

"వాడి కన్ను పోయినప్పటి నుంచీ ఇది పడుకునే ఉంది. ఇదే మెత్తబడితే..." అని ఆపేశాడు.

ఆమె దానికి కాగితం చుట్టింది. అప్పుడు ఆ ఆలోచన నాకూ బాగానే అనిపించింది.

"నువ్వూ రా," అన్నాడు వీధిలోకొచ్చాక. "నన్ను చూస్తే వాడు తలుపెయ్యడమే. నిన్ను చూసి మర్యాదకైనా తీసి ఉంచుతాడు."

ఆదివారం వెళ్లాం. దుప్పట్లు ఉతికే ఆ చోటికి పైనే, బావమరిది ఉండే ఒకే ఒక్క గది. నేల కింద నుంచి ఆవిరి బుసలు వినిపిస్తున్నాయి. మంచం, పొయ్యి, అర మీద బోర్లించి తళతళ తుడిచిన ఆరు గ్లాసులు. తలుపు తీసిన మనిషి సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. కుడి రెప్ప కుట్టేసిన జేబులా ఉంది. నన్ను చూసి, నా వెనక చూశాడు.

"ఓహో! బావా! జన్మంతా తలుపులు వేసినవాడివి, తట్టడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"లోపలికి రానా?"

"వద్దంటే ఆగుతావా ఏంటి? రా, కూర్చో. ఇటుపక్క కూర్చో, కనబడవు. నాకదే సుఖం."

గడియ స్టూలు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు, బడిలో దండన పడ్డ పిల్లాడిలా.

"పాప పుట్టిందిరా."

"తెలుసు. మొన్న వెళ్లాను, నిన్నెందుకు పంపుతోందో అమ్మాయి చెప్పింది. పాప నా వేలు పట్టుకుని వదల్లేదు."

గడియ మోకాళ్ల దగ్గరున్న పొట్లం కళ్లతో చూపించాడు. నేను తీసి ఇచ్చాను.

కాగితం విప్పిన చేతులు ఇస్త్రీవాడివి కావు. సీసాని వెలుతురుకి ఎత్తి, అడుగున చేరిన మడ్డి కదలకుండా తిప్పి చూశాడు. బొటనవేలు దానంతటదే అడుగున గుంట వెతుక్కుంది. ఆ ఒక్క క్షణం ఆ గదిలోకి పాత మనిషి వచ్చి నిలబడ్డాడు.

"ఎవరు ఎంచారు దీన్ని? నీకింత తెలివి లేదే!" అన్నాడు, దాదాపు నవ్వుతూ. సీసా మీది చీటీని ఉన్న కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. పెదవులు అంకెలు చదివాయి. నవ్వు వచ్చిన దారినే వెనక్కి పోయింది.

"ఏ ఏడాదో చూసే కొన్నావా?"

"చూసే కొన్నానురా. అడిగి మరీ."

ఇంకొక్క వాక్యం అని ఉండాల్సింది. కానీ గడియ పనిలో రెండో వాక్యం అవసరం ఎప్పుడూ రాలేదు.

"నా కన్ను పోయిన ఏడాదిని సీసాలో పట్టి తెచ్చావా, తాగమని? బావమరిది బతక కోరతాడంటారు బావా. నేను కోరట్లేదు."

చేతిలోని సీసాతో కొట్టిన మొదటి దెబ్బ గురితప్పి గడియ భుజం మీద పడింది. దూరం తెలియని కన్ను కదా. రెండోది చెవి మీద. మూడో దెబ్బకి గురి కుదిరింది. చెంప ఎముక తడి కట్టె చీలినట్టు చప్పుడు చేసింది. నేను బావమరిదిని వెనక నుంచి పట్టుకోబోతే మోచెయ్యి నా మూతి మీద పడింది.

"వదిలెయ్. కొట్టనీ," అన్నాడు గడియ. తొడల కింద చేతులు కదల్లేదు. ముక్కు మూడోసారి విరిగి, రక్తం గడ్డం మీదుగా చొక్కాలోకి జారుతోంది. అతను కళ్లు మూసుకుని ఉన్నాడు. వానలో నిలబడ్డ ఎద్దులా ఉన్నాడు.

నాలుగో దెబ్బ నోటి మీద పడింది.

అప్పుడు గడియ చేతులు వచ్చాయి. అతను ఎత్తలేదు, అవే వచ్చాయి. కళ్లు మూసుకునే ఉన్నాయి, అయినా కుడిచెయ్యి సూటిగా గొంతు దగ్గరికి వెళ్లింది. సీసా నేల మీద పడి, పగలకుండా మంచం కిందికి దొర్లింది. బావమరిది వీపు గోడకి తగిలింది, మడమలు నేలని వదిలాయి. ఉన్న ఒక్క కన్నూ గూడులోంచి బయటికి రాబోతోంది. గడియ వీపు మీద గుద్దాను, అరిచాను. రాతిని గుద్దినట్టుంది.

"బావా... చెప్తా... దానికి చెప్తా... పాపని ఇవ్వమని..."

వేళ్లు విడిపోయాయి. బావమరిది గోడ వెంట జారి కూలబడ్డాడు. దగ్గుతూనే ఫోన్ కోసం తడుముకున్నాడు. "ఇప్పుడే చెప్తా బావా. సరేనంటాను. నీ ఇష్టం బావా, నువ్వెలా అంటే అలా."

ఆ గొంతు గడియకి కొత్త కాదు. ఇరవై రెండేళ్లు బార్ తలుపు దగ్గర, కింద పడ్డ ప్రతివాడి నోటా అదే గొంతు విన్నాడు. అతను కావాలనుకున్న మాట అదే. ఇంతదూరం వచ్చింది ఆ ఒక్క మాట కోసమే. ఇప్పుడది కాళ్ల దగ్గర పడి దగ్గుతోంది.

గడియ కళ్లు తెరిచి, ముందు తన చేతులు చూసుకున్నాడు. వంగి, బావమరిది వేళ్లలోంచి ఫోన్ తీసి మంచం మీద పెట్టాడు. "వద్దురా," అన్నాడు. మంచం కింద నుంచి సీసా తీసి, చొక్కాతో రక్తం తుడిచి, గ్లాసుల పక్కన అడ్డంగా పడుకోబెట్టాడు. తలుపు మెల్లగా దగ్గరికి వేసి బయటికొచ్చాడు.

మెట్ల మీద కూర్చుని ఒక పన్ను ఉమ్మేశాడు. జేబులో ఫోన్ మోగింది. కూతురు. ఎన్ని రింగులో నాకు గుర్తులేదు. మోగినంతసేపూ తెర మీద పసిదాని బొమ్మ వెలుగుతోంది. దాని వైపే చూశాడు. తర్వాత వారానికల్లా మా పై గది ఖాళీ అయింది. మళ్లీ నేనతన్ని చూడలేదు. వాచిన నోటితో, ఫోన్ నా చేతిలో పెడుతూ అతను నాతో అన్న చివరి మాట ఇదే.

"నువ్వు మాట్లాడు. మామయ్య ఒప్పుకోలేదని చెప్పు."